మాటల పుట్టినిల్లు వెతికిన బ్రౌన్ దొర

ఏ భాషలోనైనా నలుగురి నోట నలిగే మాటలతోపాటు వాడుక తప్పిన మాటలు కూడా ఎన్నో ఉంటాయి. ఇంగ్లీషు ఇందుకు మినహాయింపు కాదు. రెండు వందల ఏండ్ల క్రితం మన కోస్తా జిల్లాలలో ఉద్యోగాలు చేసిన ఇంగ్లీషువారు తమ ఉత్తరాలలోను, లెక్కల పుస్తకాలలోను రాసుకున్న భాషను ఈనాడు లండనులో పుట్టి పెరిగిన విద్యావంతుడు సైతం నిఘంటువు సాయం లేకుండా చదవలేడు. కౌల్, కచేరీ, పేష్కష్, డుబాష్, పాలంపోర్, మాడపొల్లం – ఇవన్నీ ఒకనాటి ఇంగ్లీషు మాటలే. ఆ విద్యావంతునికి వింతగా తోచే ఈ మాటలు మనకు మాత్రం ఎక్కడో విన్నట్లే ఉంటాయి. వీటి పుట్టిళ్ళు మన ఊళ్ళు, మన సంతలు, మన కచేరీలు కావటమే అందుకు కారణం.

ఇటువంటి మాటలను ఓపికతో ఏరి, వాటి అర్థాన్నీ జన్మస్థానాన్నీ నిర్ణయించటానికి పాటుపడిన వారిలో తెలుగువారికి బాగా తెలిసిన మహనీయుడు చార్లెస్ ఫిలిప్ బ్రౌన్. వేమనను లోకానికి పరిచయం చేసినవాడుగా, తాళపత్రాలను చెదపురుగుల పాలు కాకుండా కాపాడినవాడుగా ఆయనను స్మరించటం మనకు అలవాటే. అరబ్బీ, పారసీ, హిందూస్తానీ, ఇంగ్లీషు, తెలుగు కలిసిపోయిన వ్యవహార భాషకు ఆయన చేసిన సేవను గురించి మాత్రం అంతగా చెప్పుకోము. ఉర్దూ రచనలు, తెలుగు రచనలు ఒకే అట్ట నడుమ వెలువడే ఈ సంచికకు ఆ భాగమే తగినదని తలచి, ఆయన జీవిత కథను ఆ కోణం నుంచి చెప్పబూనుకున్నాము.

బ్రౌన్ 1798 నవంబరు 10వ తేదీన కలకత్తాలో జన్మించారు. తండ్రి డేవిడ్ బ్రౌన్ క్రైస్తవ మతాచార్యుడు, బహుభాషావేత్త. కంపెనీ ఉద్యోగులకు దేశభాషలు నేర్పిన ఫోర్టు విలియం కళాశాలలో ఉన్నత పదవి నిర్వహించినవాడు. 1812లో తండ్రి మరణించగా కుటుంబం ఇంగ్లండుకు తరలిపోయింది. అక్కడ హెయిలీబరీలోని ఈస్టిండియా కంపెనీ కళాశాలలో చదువు ముగించుకొని, 1817 ఆగస్టులో బ్రౌన్ మద్రాసు రేవులో దిగారు. అప్పటికి ఆయనకు పందొమ్మిదేండ్లు నిండలేదు.

అలా కొత్తగా వచ్చిన ఇంగ్లీషు యువకుని ఆనాటి దొరలు పరిహాసంగా ‘గ్రిఫిన్’ అని పిలిచేవారు. అతని ఉద్యోగం పేరు ‘రైటర్’. ఆ మాటకు గ్రంథకర్త అని కాదు, కంపెనీలో తొలి మెట్టు మీది ఉద్యోగి అని అర్థం. కంపెనీ వర్తక స్థావరం ‘ఫ్యాక్టరీ’. అందులో యంత్రాలు ఉండవు, పొగగొట్టాలు ఉండవు. సరుకు కొని, నిలవచేసి, ఓడకెక్కించే కొఠీకే ఆనాడు ఆ పేరు. 17వ శతాబ్దంలో డచ్చివారు మన పాలకొల్లులో నెలకొల్పినది అట్టి ఫ్యాక్టరీయే. క్షీరపురి అని పురాణ ప్రసిద్ధి పొందిన ఊరిని వారు తమ దస్తరాలలో ‘పాలికోల్’ అని రాసుకున్నారు. ఈ సంగతి ఎరుగని విద్యార్థి చరిత్ర పుస్తకంలో డచ్చి ఫ్యాక్టరీ అన్న మాట చదివి, పాలకొల్లులో ఒకప్పుడు మిల్లు ఉండేదేమో అనుకొనే ప్రమాదం ఉంది. మాట పాతదై అర్థం మారినప్పుడు చరిత్ర కూడా తప్పుగా అర్థమవుతుంది.

ఆ రోజులలో ఇంగ్లీషువారి నోట మన రెండు భాషలకూ వింత పేర్లు ఉండేవి. తెలుగును ‘జెంటూ’ అనేవారు. పోర్చుగీసువారు తమ మతం కానివారిని ‘జెంతియో’ అని పిలిచిన మాటనుంచి అది పుట్టింది. మొదట హిందువులందరికీ వర్తించి, మద్రాసు ప్రాంతంలో క్రమంగా తెలుగువారికి, వారి భాషకు స్థిరపడింది. హిందూస్తానీని, అంటే మన ఉర్దూను, ‘మూర్స్’ అనేవారు. పోర్చుగీసువారు మహమ్మదీయులను పిలిచిన ‘మోరో’ అన్న మాట దానికి మూలం. 1772లో జార్జి హాడ్లీ అచ్చువేసిన హిందూస్తానీ వ్యాకరణం పేరులో మూర్స్ అన్న మాట ఉంది, 1816లో ఎ.డి. క్యాంబెల్ ప్రకటించిన తెలుగు వ్యాకరణం పేరులో జెంటూ అన్న మాట ఉంది. రెండు భాషలకూ పరాయివారు తగిలించిన పేర్లే తప్ప సొంత పేర్లు చాలినవి కాలేదన్నమాట. బ్రౌన్ తన గ్రంథాలకు తెలుగు అనే పేరే పెట్టుకున్నారు. నేడు జెంటూ అన్న మాట ఇంగ్లీషులో దక్షిణ ధ్రువ ప్రాంతపు పెంగ్విన్ పక్షి జాతి ఒకదానికి పేరుగా మిగిలింది. భాష పేరుగా దానిని వాడేవారు లేరు.

మద్రాసులోని ఫోర్టు సెంటు జార్జి కళాశాలలో బ్రౌన్‌కు తెలుగు అక్షరాలు దిద్దబెట్టినవారు వెలగపూడి కోదండరామ పంతులుగారు. 1820లో ఆయన పరీక్ష ముగించిన తరుణంలో గవర్నరు సర్ థామస్ మన్రో కళాశాలలో ఉపన్యసించి, ప్రజల భాష నేర్వనివాడు ప్రజలను పాలించలేడన్న భావాన్ని యువ ఉద్యోగుల మనసులో నాటారు. ఆ ఉపదేశాన్ని బ్రౌన్ జీవితాంతం మరువలేదు. అదే సంవత్సరం కడప కలెక్టరుకు సహాయకుడుగా వెళ్ళారు.

కడప కచేరీలో ఆయనకు ఎదురైన తెలుగు, పాఠశాలలో చదివిన తెలుగు ఒకటి కాదు. పండితులు నేర్పినది కావ్యభాష. రైతు అర్జీలో, కరణం లెక్కలో, వకీలు వాదనలో వినవచ్చినది వేరొక భాష. అర్జీ, అసలు, ఆఖరు, కాగితం, ఖరీదు, జవాబు, నకలు, వసూలు, హాజరు – ఈ మాటలు లేకుండా కచేరీలో ఒక్క పని జరగదు. ఏ కావ్య నిఘంటువులోను ఇవి కనిపించవు. వ్యాకర్తలు వీటిని అన్యదేశ్యములని ఒక మూలకు నెట్టారు. గోలకొండ నవాబుల కాలంనుంచి తెలుగు పల్లెలలో పాతుకొనిపోయిన ఈ మాటలను ఇంగ్లీషువారు కూడా ఎత్తుకొని తమ భాషలో కలుపుకున్నారు. ఆ విధంగా ఒకే మాట ఉర్దూలోను, తెలుగులోను, ఇంగ్లీషులోను మూడు వేషాలతో తిరుగుతూ ఉండేది.

ఇందుకు మా డెల్టా రైతుకు నిత్యమూ అవసరమైన ఒక మాటను ఉదాహరిస్తాము. పొలాన్ని పాలుకు, అద్దెకు ఇచ్చే ఒడంబడికను మనం కౌలు అంటాము. అరబ్బీలో ‘ఖౌల్’ అంటే పలుకు, మాట అని అర్థం. ఇచ్చిన మాట అనే అర్థంనుంచి ఒప్పందమని, దానినుంచి భూమిని గురించిన ఒప్పందమని అర్థం సాగింది. దర్గాల వద్ద పాడే ఖవ్వాలీ కూడా ఆ మూలంనుంచి వచ్చినదే. 1639లో దామర్ల వెంకటాద్రి నాయకుడు మద్రాసు స్థలాన్ని ఇంగ్లీషువారికి ఇస్తూ రాసిన పత్రాన్ని వారు తమ దస్తరాలలో ‘కౌల్’ అనే పేర్కొన్నారు. ఇక రైతు అన్న మాట అరబ్బీలోని ‘రయ్యత్’ నుంచి వచ్చింది. మేత మేపటం అనే ధాతువునుంచి పుట్టి, మందగా కాచి కాపాడవలసిన ప్రజ అని మొదట అర్థమిచ్చి, మన దేశంలో సేద్యగాడుగా మారింది. కౌలు రైతు అన్న చిన్న పదబంధంలో ఇచ్చిన మాట, కాపాడవలసిన ప్రజ అనే రెండు భావాలు దాగి ఉన్నాయి. ఇంగ్లీషు నిఘంటువులలో ‘రయట్’ ఇంకా ఉంది, ‘కౌల్’ పాతబడిపోయింది. మన పొలాలలో మాత్రం రెండూ సజీవంగానే ఉన్నాయి.

కడపనుంచి బ్రౌన్ మచిలీపట్నానికి, 1825 ప్రాంతంలో రాజమహేంద్రవరానికి మారారు. ఆయన గోదావరి సీమకు వచ్చిన ఆ కాలంలోనే మన పాలకొల్లు చరిత్రలో ఒక అధ్యాయం ముగిసింది. 1824 సంధి ప్రకారం డచ్చివారు ఇండియాలోని తమ స్థావరాలను ఇంగ్లీషువారికి అప్పగించారు. పాలకొల్లు కూడా అందులో చేరింది. వారి సమాధి రాళ్ళు మిగిలాయి.

ఈ తీరం ఇంగ్లీషు భాషకు ఇచ్చిన మాటలలో బట్టల పేర్లు ముఖ్యమైనవి. మచిలీపట్నం అద్దకపు దుప్పట్లు ‘పాలంపోర్’ అనే పేరుతో ఐరోపాకు ఎగుమతి అయ్యాయి. మంచంమీద కప్పేది అని అర్థమిచ్చే ‘పలంగ్‌పోష్’ దీనికి మూలమని పండితుల అభిప్రాయం. మాట మహమ్మదీయ ప్రభువుల మందిరాలనుంచి వచ్చింది, అద్దినవి తెలుగు చేతులు, కప్పుకున్నవారు దూరదేశపు దొరలు. ఇక ‘మాడపొల్లం’ అన్నది మెత్తని నూలు బట్టకు పేరు. అది నరసాపురం చెంత ఉన్న మాధవాయిపాలెం పేరుకు వికృతి. 17వ శతాబ్దంలో అక్కడ ఇంగ్లీషువారి కొఠీ ఉండేది. పాలకొల్లుకు అంత దగ్గరలోని పల్లె పేరు ఇంగ్లీషు నిఘంటువులో నిలిచి ఉన్న సంగతి మన విద్యార్థులలో ఎందరికి తెలుసును? పంటను పాడుచేసే మన పందికొక్కు కూడా ‘బ్యాండికూట్’గా ఆ నిఘంటువుకెక్కింది. రెండు భాషలు తెలిసి వర్తకులకు నడుమ నిలిచిన ద్విభాషి దుబాసి అయ్యాడు; దుబాసి ‘డుబాష్’ అయ్యాడు.

1824లో అబ్బే దుబాయి గ్రంథం ద్వారా వేమన పేరు బ్రౌన్ దృష్టిలో పడింది. పండితులు చిన్నచూపు చూసిన ఆ పద్యాలను ఆయన ఊరూరా వెతికించి, పాఠాలు పోల్చించి, ఇంగ్లీషు అనువాదంతో 1829లో ప్రకటించారు. కడపలో ఒక బంగళా కొని, అందులో పండితులను కూర్చోబెట్టి, సొంత జీతంనుంచి వారికి వేతనాలిచ్చి కావ్యాలను పరిష్కరింపజేశారు. అయోధ్యాపురం కృష్ణారెడ్డి, జూలూరి అప్పయ్య శాస్త్రి, వఠ్యం అద్వైతబ్రహ్మ శాస్త్రి మొదలైనవారు ఆయనకు తోడునిలిచినవారు. వ్రాయసగాండ్రకు, కాగితాలకు, తాళపత్రాలకు అయిన వ్యయం ఆయనను అప్పులలోకి దింపింది. అయినా ఆయన వెనుదీయలేదు.

1832–33లో గుంటూరు సీమను కబళించిన క్షామాన్ని ప్రజలు నందన కరువని, డొక్కల కరువని పిలిచారు. ఆ సమయంలో బ్రౌన్ ఆ ప్రాంతంలోనే ఉద్యోగిగా ఉండి బాధితులకు చేతనైన సాయం చేశారు. ప్రభుత్వానికి రాసిన నివేదికలో కరువును కరువే అని రాసినందుకు ఆయనకు పైవారి మందలింపు తప్పలేదని ఆయన చరిత్రకారులు చెబుతారు. మాటకు సరియైన అర్థం నిర్ణయించటం పండితుల కాలక్షేపమని భావించేవారు ఈ సంఘటనను తలచుకోవాలి. కొరత అని రాస్తే ఒక విధమైన బాధ్యత, కరువు అని రాస్తే మరొక విధమైన బాధ్యత ప్రభుత్వంపై పడుతుంది. తెలిసిన మాటను తెలిసినట్లు రాయటానికి కూడా ధైర్యం కావాలి. ఆ ధైర్యం బ్రౌన్‌కు ఉన్నది.

ఉద్యోగంలో చిక్కులు ఏర్పడటంతో బ్రౌన్ ఇంగ్లండుకు వెళ్ళి 1838 వరకు అక్కడే ఉన్నారు. ఆ విశ్రాంతి కాలం కూడా వృథా కాలేదు. లండనులోని కంపెనీ గ్రంథాలయంలో దక్షిణదేశపు వ్రాతప్రతులు దుమ్ముకొట్టుకొని పడి ఉండటం చూసి, సంస్కృత పండితుడు హొరేస్ హేమన్ విల్సన్ తోడ్పాటుతో వాటిని తిరిగి మద్రాసుకు పంపించే ఏర్పాటు చేశారు. రెండు వేలకు పైగా ఉన్న ఆ ప్రతులు మళ్ళీ మన గాలి పీల్చాయి.

తిరిగి వచ్చిన తరువాత ఆయన మద్రాసు ప్రభుత్వానికి పారసీ అనువాదకులుగాను, తరువాత తెలుగు అనువాదకులుగాను పనిచేశారు. తెలుగు మహోపకారిగా మనమెరిగిన బ్రౌన్ ప్రభుత్వ కొలువులో పారసీ పండితుడన్న సంగతి గమనింపదగినది. 1840లో తెలుగు వ్యాకరణాన్ని, 1850లో ఇంగ్లీషు–హిందూస్తానీ పదబంధాల గ్రంథాన్ని వెలువరించారు. ఈ రెండు భాషల పరిచయం లేకపోతే, ఇప్పుడు చెప్పబోయే గ్రంథాలు ఆయన చేతినుంచి వెలువడి ఉండేవి కావు.

1852–54 సంవత్సరాల నడుమ ఆయన నిఘంటువులు మద్రాసులో అచ్చయ్యాయి. తెలుగు–ఇంగ్లీషు, ఇంగ్లీషు–తెలుగు నిఘంటువులు జగద్విదితములు. తెలుగు–ఇంగ్లీషు నిఘంటువులో కావ్యభాషతోపాటు వ్యవహారభాషను కూడా వివరించటం ఆనాటికి సాహసమే. వాటితోపాటు వెలువడిన మరి రెండు చిన్న గ్రంథాలను గురించి మేము ప్రత్యేకంగా చెప్పదలచాము. మొదటిది 1852లో వెలువడిన జిల్లా నిఘంటువు. దేశంలో వ్యవహారానికి అవసరమైన మాటలను ఇంగ్లీషు లిపిలో, ఆ అక్షరక్రమంలో కూర్చి అర్థాలు చెప్పిన పుస్తకమది. దేశీయ లిపి రాని ఇంగ్లీషు ఉద్యోగికి దస్తరం చదువుకొనే సౌకర్యం దానివల్ల కలిగింది. ఆ పుస్తకం పేరులోని జిల్లా అన్న మాటకే ఒక కథ ఉంది. అరబ్బీలో దాని మూలార్థం ప్రక్కటెముక. ప్రక్కటెముకనుంచి ప్రక్క, ప్రక్కనుంచి దేశభాగం అని అర్థం పెరిగింది.

రెండవది 1854లో వెలువడిన మిశ్రభాషా నిఘంటువు. తెలుగులో కలిసిపోయిన అన్యభాషా పదాలను తెలుగు లిపిలో చూపి, ఇంగ్లీషులో వివరించిన గ్రంథం. మిశ్రమమన్నంత మాత్రాన భాష చెడిందని ఆయన భావించలేదు. ప్రజలు పలుకుతున్నారు గనుక మాట ఉంది. ఉంది గనుక దానికి అర్థం చెప్పాలి. ఎక్కడనుంచి వచ్చిందో తెలుసుకోవాలి. ఆయన పద్ధతి ఇంతే. 1885లో వెలువడిన బహుజనపల్లి సీతారామాచార్యులవారి శబ్దరత్నాకరం కావ్యభాషకు పెట్టనికోట. అది ఎంత అవసరమో ఇదీ అంత అవసరం. కావ్యం చదివేవానికి ఒకటి, దస్తావేజు చదివేవానికి మరొకటి. తన తాతగారి భూమి పత్రం చదివి హక్కు నిరూపించుకోవలసిన రైతుబిడ్డకు దస్తావేజులోని పాత మాట అర్థం తెలియకపోతే కలిగే నష్టం చిన్నది కాదు.

బ్రౌన్ కృషిలో లోపాలు లేవని మేము అనము. ఆయన కంపెనీ సేవకుడు. పన్ను వసూలుకు, న్యాయవిచారణకు ప్రజల భాష తెలియాలి గనుకనే జిల్లా నిఘంటువు వంటి గ్రంథాల అవసరం కలిగింది. పాలకుని అక్కర లేకపోతే ఆ గ్రంథాలకు అచ్చుయంత్రం దొరికేది కాదేమో. మాటల పుట్టుకను గురించిన శాస్త్రం కూడా అప్పటికి మన దేశంలో శైశవంలో ఉంది. కాల్డ్వెల్ ద్రావిడ భాషల తులనాత్మక వ్యాకరణం 1856లో, అంటే బ్రౌన్ నిఘంటువులు ముగిసిన తరువాత వెలువడింది. బరో, ఎమెనో పండితుల ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు 1961 వరకు రాలేదు. కనుక బ్రౌన్ చెప్పిన మూలాలను నేటి విద్యార్థి పరీక్షించి స్వీకరించాలి. అయితే మూలం తప్పినా మాట తప్పలేదు. విన్న మాటను విన్నట్లు నమోదు చేసి ఉంచటంవల్లనే తరువాతివారికి దిద్దుబాటు సాధ్యమైంది.

ఆరోగ్యం క్షీణించి 1854లో బ్రౌన్ ఉద్యోగ విరమణ చేసి, మరుసటి ఏడు లండను చేరుకున్నారు. 1865లో అక్కడి యూనివర్సిటీ కాలేజీలో తెలుగు ఆచార్యపదవి ఆయనను వరించింది. వివాహం చేసుకోలేదు. తన సాహిత్య జీవితాన్ని గురించి చిన్న గ్రంథం రాసుకున్నారు. 1884 డిసెంబరు 12వ తేదీన కన్నుమూశారు. లండనులోని కెన్సల్ గ్రీన్ శ్మశానవాటికలో ఆయన సమాధి ఉంది.

ఆయన నడిచిన బాటలో మరికొందరు నడిచారు. తాళపత్రాల విషయంలో తోడ్పడిన విల్సన్ 1855లో రెవెన్యూ, న్యాయ పదాల కోశం ప్రకటించారు. బ్రౌన్ మరణించిన రెండేండ్లకు, 1886లో హెన్రీ యూల్, ఎ.సి. బర్నెల్ కూర్చిన హాబ్సన్–జాబ్సన్ అనే మహాకోశం వెలువడింది. ఆంగ్లో–ఇండియన్ మాటల చరిత్రకు నేటికీ అదే ఆకరం. బర్నెల్ కూడా మద్రాసు రాష్ట్రంలో ఉద్యోగం చేసినవాడే. గ్రంథం అచ్చులో చూడకుండా 1882లోనే మరణించాడు. మొహర్రం నాడు హసన్, హుసేన్‌లను స్మరిస్తూ భక్తులు ఎలుగెత్తే పిలుపు ఇంగ్లీషు సిపాయిల చెవిలో అపభ్రంశమై హాబ్సన్–జాబ్సన్‌గా మారింది. పవిత్రమైన శోకం తెలియనివాని నోట ఎంతగా రూపు మారుతుందో ఆ పేరే చెబుతుంది. మాటకు మూలం తెలుసుకోవటం ఎదుటివాని మనసుకు మర్యాద ఇవ్వటమే అని మేము నమ్ముతాము.

బ్రౌన్ నిఘంటువు ఆయనతో ఆగిపోలేదు. 1903లో తెలుగు–ఇంగ్లీషు నిఘంటువుకు పరిష్కృత ముద్రణ వెలువడింది. ఆ పరిష్కర్తలలో మన గోదావరి మండలపు వెలుగు కందుకూరి వీరేశలింగం పంతులుగారు ఒకరు. తరువాతి కాలంలో బంగోరె అనే పేరుతో ప్రసిద్ధులైన బండి గోపాలరెడ్డిగారు బ్రౌన్ లేఖలను, వ్రాతలను వెలికితీశారు. జానమద్ది హనుమచ్ఛాస్త్రిగారి పట్టుదల ఫలితంగా కడపలో బ్రౌన్ నివసించిన చోట ఆయన పేర గ్రంథాలయం వెలసింది. హైదరాబాదు టాంకుబండు మీద తెలుగు వెలుగుల నడుమ ఆయన విగ్రహం కూడా నిలిచింది.

బ్రౌన్ నిఘంటువులు అచ్చవుతున్న 1852లోనే ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది. ఆనకట్ట అన్న దక్షిణదేశపు మాట ‘యానికట్’గా ఇంగ్లీషులోకి పోయింది, ఇంగ్లీషు ‘లాక్’ మన కాలువల మీద లాకుగా స్థిరపడింది. నీటితోపాటు మాటలు కూడా ఇటునుంచి అటు, అటునుంచి ఇటు పారాయి. ఆ కాలువలలో పడవలు నడిచిన రోజుల పలుకుబళ్ళు, గరిసెలు, కుంచాలు కొలిచిన రోజుల లెక్కలు, ముస్లిం ఇండ్లలో పెద్దలు పలికే తెలుగు కలిసిన ఉర్దూ – వీటిని ఎరిగినవారు ఏటేటా తగ్గిపోతున్నారు. వీటిని నమోదు చేయటానికి సముద్రం దాటి మరొక బ్రౌన్ రానక్కరలేదు. రెండు భాషలు తెలిసిన విద్యార్థులు ఇక్కడే ఉన్నారు. ఒక్కొక్కరు సెలవులలో తమ ఇంటి పెద్దలవద్ద కూర్చుని పాతిక మాటలు, వాటి అర్థం, వాటిని ఏ పనిలో వాడేవారో రాసి తెచ్చినా, వచ్చే సంవత్సరపు సంచికలో ఒక చిన్న నిఘంటువుకు చోటు కల్పించవచ్చును. ఒకనాడు వర్తకం కోసం దుబాసి చేసిన పనిని నేడు విద్య కోసం మనం చేయగలము. బ్రౌన్ మహాశయునికి అంతకు మించిన నివాళి మాకు తోచటం లేదు.